వేసవిలో చల్లని తేనీరు: ఇంటి తయారీ, నీటి జాగ్రత్తలు

మార్చి నెల దాటగానే బళ్ళారి పరిసరాల్లో ఎండ తీవ్రరూపం దాలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం ఇక్కడ పరిపాటి. సిరుగుప్ప వరిమళ్ళ నుండి రాయదుర్గం మెట్ట పొలాల వరకు, రాష్ట్ర సరిహద్దుకు ఇరువైపులా ఉన్న కుటుంబాలకు మజ్జిగ, పానకం, రాగి అంబలి, నన్నారి షర్బత్ తరతరాలుగా పరిచితమైన వేసవి పానీయాలు. ఇటీవలి కాలంలో వీటి సరసన ఐస్ టీ, అనగా చల్లని తేనీరు, చేరింది. పట్టణాల్లో చదువుకొని వచ్చిన పిల్లలు దీనిని ఇంట్లో చేయమని కోరుతున్నారు. దీని తయారీ కష్టమైనది కాదు. అయితే ఈ పానీయంలో తేయాకు కంటే నీటికే ప్రాధాన్యం ఎక్కువ. మరిగించిన తేనీటిలో పరిశుభ్రం కాని ఐసు వేస్తే మరిగించిన ప్రయోజనమంతా వృథా అవుతుంది. ఆ విషయాన్ని దృష్టిలో ఉంచుకొని తయారీ విధానం, పాటించవలసిన జాగ్రత్తలు ఈ వ్యాసంలో వివరించబడ్డాయి.

పూర్వ చరిత్ర

ఐసు ఒకప్పుడు మన దేశంలో సంపన్నులకు మాత్రమే లభించే వస్తువు. అమెరికాకు చెందిన ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వర్తకుడు బోస్టన్ ప్రాంతపు సరస్సుల్లో గడ్డకట్టిన మంచును కోయించి, ఓడల్లో ఎగుమతి చేసేవాడు. 1833లో ఆ మంచు తొలిసారి కలకత్తా చేరింది. మద్రాసు సముద్రతీరంలో ఆ మంచును నిలువ చేయడానికి కట్టిన భవనమే ఐస్ హౌస్. 1897లో స్వామి వివేకానంద అక్కడ బస చేసిన కారణంగా నేడది వివేకానందర్ ఇల్లంగా ప్రసిద్ధి చెందింది. బళ్ళారి జిల్లా 1953 వరకు మద్రాసు రాష్ట్రంలో భాగంగానే ఉండేది. కృత్రిమంగా ఐసు తయారుచేసే యంత్రాలు వచ్చిన తరువాత ఓడల వ్యాపారం అంతరించింది.

చల్లని తేనీరు 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో పుట్టిందని ఒక కథ ప్రచారంలో ఉన్నది. భారతీయ తేయాకును ప్రచారం చేయడానికి వెళ్ళిన రిచర్డ్ బ్లెచిండెన్, వేసవి వేడిలో ఎవరూ వేడి తేనీరు తాగకపోవడంతో అందులో ఐసు వేసి ఇచ్చాడన్నది ఆ కథ. అయితే 1879లో అమెరికాలో వెలువడిన ఒక వంటల పుస్తకంలోనే ఈ పానీయపు తయారీ విధానం ఉన్నది. కనుక ఆ ప్రదర్శన దీనికి ప్రచారం కల్పించిందే తప్ప జన్మనివ్వలేదు.

ఏ పొడి తగినది?

మన ఇళ్ళలో వాడే గుళికల పొడి, డస్టు పొడి సీటీసీ పద్ధతిలో తయారైనవి. 1930 దశకం ఆరంభంలో అస్సాంలో రూపొందిన ఈ పద్ధతిలో ఆకును యంత్రాల మధ్య నలిపి, చించి, చుట్టి చిన్న గుళికలుగా మారుస్తారు. వీటి నుండి రంగు, వగరు త్వరగా దిగుతాయి. పాలు కలిపే తేనీటికి ఇవి అనుకూలం. పాలు లేని చల్లని తేనీటికి ఆకు రూపంలో ఉండే పొడి శ్రేష్ఠం. నీలగిరి ఆకు పొడి పట్టణాల్లోని దుకాణాల్లో లభిస్తుంది. అది దొరకని పక్షంలో ఇంట్లో ఉన్న గుళికల పొడినే పరిమాణం తగ్గించి వాడుకోవచ్చు.

తయారీ విధానం

నాలుగు గ్లాసులకు కావలసినవి: నీరు అర లీటరు, ఆకు పొడి నాలుగు చెంచాలు (గుళికల పొడి అయితే మూడు చెంచాలు), చక్కెర నాలుగు చెంచాలు, నిమ్మకాయ ఒకటి, పుదీనా ఆకులు పది, కాచి చల్లార్చిన నీరు ఒక గ్లాసు, కాచిన నీటితో చేసిన ఐసు ముక్కలు పన్నెండు.

నీటిని తెర్లనిచ్చి, కనీసం ఒక నిమిషం అలాగే మరిగించి పొయ్యి ఆపాలి. అప్పుడు పొడి వేసి మూత పెట్టాలి. ఆకు పొడిని నాలుగు నిమిషాలు, గుళికల పొడిని మూడు నిమిషాలు నాననిస్తే చాలు. పాల తేనీటి వలె పొడిని నీటిలో వేసి మరిగిస్తే వగరు అధికమై, చల్లారిన తరువాత చేదుగా ఉంటుంది. వడకట్టిన వెంటనే, వేడి మీదనే చక్కెర కలపాలి. చల్లని ద్రవంలో చక్కెర సులభంగా కరగదు.

ఈ దశలో తేనీరు చిక్కగా ఉండటం అవసరం. తరువాత చేరే నీరు, కరిగే ఐసు దానిని పలుచన చేస్తాయి. గది ఉష్ణోగ్రతకు చల్లారిన తరువాత కాచి చల్లార్చిన నీరు, నిమ్మరసం, నలిపిన పుదీనా కలిపి, గ్లాసుకు మూడు ఐసు ముక్కల చొప్పున వేసి ఇవ్వాలి. నిమ్మరసం పడగానే రంగు లేతబడుతుంది. పులుపు వలన కలిగే ఈ మార్పు సహజమైనదే. నిమ్మరసం కలిపినపుడు పాలు పోయరాదు, విరిగిపోతాయి.

వేడి తేనీటిని వెంటనే ఫ్రిజ్‌లో పెడితే కొన్నిసార్లు అది మసకబారుతుంది. తేయాకులోని కెఫీన్, రంగునిచ్చే పదార్థాలు చల్లదనంలో ఒకదానితో ఒకటి కలిసి సన్నని తెట్టుగా ఏర్పడటమే ఇందుకు కారణం. అది చెడిపోయినట్లు కాదు. కొద్దిగా వేడినీరు కలిపితే తేటపడుతుంది.

పొయ్యి వెలిగించకుండా చేసే పద్ధతి కూడా ఉన్నది. కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఐదు చెంచాల ఆకు పొడి వేసి, మూతపెట్టి, ఆరు నుండి ఎనిమిది గంటలు ఫ్రిజ్‌లో ఉంచి వడకట్టాలి. దీనిలో చేదు తక్కువ. కొన్ని దేశాల్లో సీసాను ఎండలో ఉంచి తేనీరు దింపే అలవాటు ఉన్నది. మన ఎండకు అది సులువనిపించినా ఆచరణీయం కాదు. ఎండలో నీరు వెచ్చబడుతుందే గాని మరగదు. ఆ వెచ్చదనంలో సూక్ష్మజీవులు నశించకపోగా వృద్ధి చెందుతాయి.

పాత్రల విషయంలో స్టీలు, గాజు, పింగాణీ ఉత్తమం. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో పులుపు ఉంచరాదన్న పెద్దల మాట నిమ్మరసం కలిపిన తేనీటికీ వర్తిస్తుంది. వేడి తేనీటిని పలుచని ప్లాస్టిక్ సంచుల్లో పోయడం మంచిది కాదు.

ఫ్రిజ్ లేని ఇంట్లో

బళ్ళారి ప్రాంతపు వేసవి గాలి పొడిగా ఉంటుంది. అందువలన మట్టికుండ ఇక్కడ బాగా పనిచేస్తుంది. కుండ గోడల గుండా చెమర్చిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని గ్రహిస్తుంది. వడకట్టిన తేనీటిని మూతగల స్టీలు పాత్రలో పోసి, దాని చుట్టూ తడి నూలు గుడ్డ చుట్టి, నీరు పోసిన వెడల్పాటి పళ్ళెంలో, గాలి వీచే నీడలో ఉంచితే రెండు మూడు గంటల్లో చల్లబడుతుంది. గుడ్డ అంచు నీటిలో మునిగి ఉండాలి. కుండనీటిని కలపదలచినచో కాచిన నీటినే కుండలో పోయాలి. కుండను తరచుగా కడుగుతూ, చేయి ముంచకుండా పొడవు కాడ గల గరిటెతో నీరు తీసుకోవాలి.

ఐసు విషయంలో అప్రమత్తత

గడ్డకట్టించినంత మాత్రాన నీటిలోని సూక్ష్మజీవులు నశిస్తాయనుకోవడం పొరపాటు. అనేక రకాల క్రిములు ఐసులో సజీవంగా ఉండి, కరగగానే తిరిగి వృద్ధి చెందుతాయి. విరేచనాలు, టైఫాయిడ్, కలరా, ఒక రకపు కామెర్లు కలుషిత నీటి వలన వ్యాపిస్తాయి. వేడి తేనీటిలో నీరు మరుగుతుంది కనుక ఆ భయం తక్కువ. చల్లని తేనీటిలో మరగని భాగం ఐసే కనుక ప్రమాదం అక్కడి నుండే వస్తుంది.

జాతరలలో, పెండ్లిండ్లలో వాడే పెద్ద ఐసు గడ్డలు చేపలు, ఇతర సరకులు నిలువ చేయడానికి చేసినవి కావచ్చు. పొట్టులో, గోనెసంచిలో చుట్టి, నేలపై ఈడ్చి తెచ్చిన గడ్డను పగులగొట్టి గ్లాసులో వేయరాదు. తేనీటి పాత్రను ఆ ఐసు మధ్యలో ఉంచి వెలుపలి నుండి చల్లబరచవచ్చు. ఎక్కువ మందికి చేయవలసినపుడు ఇదే క్షేమకరమైన మార్గం.

ఇంట్లో ఐసుకు కాచి చల్లార్చిన నీటినే వాడాలి. విద్యుత్తు కోత సమయంలో పూర్తిగా కరిగి మళ్ళీ గడ్డకట్టిన ఐసును పారవేయడం మేలు. తయారైన తేనీటిని మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, ఆ రోజే ముగించాలి. ఫ్రిజ్ లేనిచోట చల్లబడిన వెంటనే తాగాలి.

ఫ్లోరైడ్ సమస్య

మరిగించడం క్రిములను చంపుతుంది గాని ఫ్లోరైడ్‌ను తొలగించదు. పైగా నీరు ఆవిరయ్యే కొద్దీ మిగిలిన నీటిలో దాని సాంద్రత పెరుగుతుంది. మన దేశంలో ఫ్లోరైడ్ వ్యాధిని 1937లో నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో గుర్తించారు. అనంతపురం, బళ్ళారి జిల్లాల్లోని అనేక బోరుబావుల్లోనూ ఈ సమస్య ఉన్నది. 1995లో అనంతపురం జిల్లాలో మొదలైన శ్రీ సత్యసాయి మంచినీటి పథకం నేపథ్యంలోనూ నీటి ఎద్దడితో పాటు ఫ్లోరైడ్ ఉన్నది.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే ఆధారం లేనప్పుడు 1.5 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను గ్రహించి ఆకుల్లో, ముఖ్యంగా ముదురు ఆకుల్లో, నిలువ చేసుకుంటుంది. పొడి నానినపుడు అది నీటిలోకి దిగుతుంది. ఉదాహరణకు, నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు ఉండి, పొడి నుండి మరో 1.5 మిల్లీగ్రాములు చేరితే, తాగే తేనీటిలో అది లీటరుకు 3 మిల్లీగ్రాములవుతుంది. చిన్న కప్పుతో తాగే వేడి తేనీటికి బదులు పెద్ద గ్లాసులతో చల్లని తేనీరు తాగే ఇంట్లో ఈ లెక్కను విస్మరించరాదు. దంతాలపై మచ్చలు, కాలక్రమేణా కీళ్ళనొప్పులు, ఎముకల బిగుతు ఫ్లోరైడ్ వలన కలిగే లక్షణాలు. ఎదిగే పిల్లల దంతాలకు హాని అధికం.

కనుక బోరునీటిపై ఆధారపడే గ్రామాల్లో తేనీటికి, ఐసుకు కూడా గ్రామంలోని శుద్ధ నీటి ఘటకం నుండి తెచ్చిన ఆర్.ఓ. నీటిని వాడటం శ్రేయస్కరం. 2019లో ప్రారంభమైన జల జీవన్ మిషన్ కింద గ్రామ మహిళలకు నీటి పరీక్ష పెట్టెలతో శిక్షణ ఇచ్చారు. పంచాయతీని అడిగి తమ బోరునీటిని పరీక్ష చేయించుకోవడం ప్రతి కుటుంబానికీ అవసరం. బిందె నీరు తేటగా, తియ్యగా ఉన్నంత మాత్రాన ఫ్లోరైడ్ లేదని చెప్పలేము. దానికి రంగు గాని, వాసన గాని లేదు.

ఎవరు, ఎంత తాగాలి?

తేయాకులోని టానిన్లు ఆహారంలోని ఇనుము శరీరానికి అందకుండా అడ్డుపడతాయి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుండి 49 ఏళ్ళ మహిళల్లో 57 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. అందువలన భోజనానికి గంట ముందు, గంట తరువాత తేనీరు మానాలని భారత వైద్య పరిశోధన మండలి 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు సూచించాయి. ఉగ్గాని, బజ్జీతో పాటే తేనీరు తాగే మన అలవాటుకు కూడా ఇది వర్తిస్తుంది. రోజుకు 300 మిల్లీగ్రాములకు మించి కెఫీన్ తీసుకోరాదన్నది ఆ సంస్థ చెప్పిన మరొక హద్దు. గర్భిణులు వైద్యుల సలహా మేరకు ఇంకా తగ్గించుకోవాలి. చిన్నపిల్లలకు తేనీటికి బదులు మజ్జిగ, నిమ్మనీరు ఇవ్వడం మంచిది.

చక్కెర గ్లాసుకు ఒక చెంచా మించకుండా చూసుకోవాలి. చక్కెర బదులు ఒక చెంచా నన్నారి షర్బత్ కలిపితే మంచి సువాసన వస్తుంది. అల్లం, తులసి కూడా దీనికి అనుకూలమే.

వడదెబ్బకు చల్లని తేనీరు చికిత్స కాదు. ఎండలో పనిచేసి నీరసించిన వారికి ఓ.ఆర్.ఎస్. ద్రావణం గాని, ఉప్పు కలిపిన మజ్జిగ గాని ఇవ్వాలి. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, స్పృహ తప్పుతున్న వారికి నోటి ద్వారా ఏమీ పోయక, నీడకు చేర్చి, తడి గుడ్డలతో ఒళ్ళు చల్లబరుస్తూ వెంటనే ఆసుపత్రికి తరలించాలి.

పరీక్షించిన నీరు, కాచిన నీటితో చేసిన ఐసు, మితమైన చక్కెర, భోజనానికి దూరంగా ఒక గ్లాసు: ఈ నాలుగు నియమాలు పాటించిన ఇంట్లో చల్లని తేనీరు వేసవి మధ్యాహ్నాలకు హాయిని చేకూర్చే పానీయం.