మూడు రాళ్ళ పొయ్యి

శ్రీకాకుళములో నేడు బస్సు ఎక్కినచో కొద్ది గంటలలో విజయనగరము చేరుదుము. రైలు రాని కాలమున, అనగా 1890 దశకమునకు ముందు, అదే దూరము ఎడ్లబండికి మూడు మజిలీలు. మజిలీ యనగా చెట్ల నీడ, మంచినీళ్ళ నుయ్యి, వంటచెరకు, ఈ మూడును దొరకు చోటు. వీటిలో ఏది లేకున్నను ఆ రాత్రి పస్తే. మన పెద్దలు దారిలో దిగి, వండుకొని, తలదాచుకొనిన విధమును కొంత తెలిసికొందము. అది పాత కథయే గాని పనికిరాని కథ కాదు.

మద్రాసునుండి కలకత్తాకు పోవు పెద్ద బాట ఈ సీమల నడుమనే పోవుచుండెను. పూరీ యాత్రికులు, వర్తకులు, పటాలములు, దొరల పల్లకీలు, అన్నియు ఈ బాటనే నడచెను. బీద యాత్రికుని సామాను మిక్కిలి కొద్ది. ఒక చెంబు, చేంతాడు, కంబళి, చెకుముకి రాయి, ఉక్కు ముక్క, కొంచెము దూది. మూటలో చోడిపిండియో అటుకులో, ఉప్పు, చింతపండు. పొయ్యిని మాత్రము ఎవరును మోసికొని పోలేదు. మూడు రాళ్ళు దొరికిన చోటనే పొయ్యి.

మూడే యెందుకని అడుగుదురేమో. ఎగుడుదిగుడు నేలపై నాలుగు రాళ్ళమీద కుండ కదలును. మూడింటిమీద కదలక కూర్చుండును. పొయ్యి నోరు గాలి వచ్చు వైపున ఉంచుదురు. గాలి హెచ్చైనచో మంట కుండ క్రింద నిలువక ప్రక్కకు పోవును గనుక అప్పుడు మట్టిగడ్డలు అడ్డము పెట్టుదురు. గుంపు పెద్దదైనచో గాడిపొయ్యి త్రవ్వుదురు. గాలివాటున కాలువవలె పొడవుగా త్రవ్వి, పైన కుండలు వరుసగా నిలిపి, ఒక కొననుండి కట్టెలు త్రోసినచో ఒకే మంటపై అయిదారు కుండలు ఉడుకును. ఈ తీరమున తాటిమట్టలకు, కొబ్బరిమట్టలకు, పిడకలకు కొదువ లేదు. మట్ట చురుకుగా మండి త్వరగా ఆరిపోవును. పిడక మెల్లగా కాలి రాత్రియంతయు నిప్పు నిలుపును. కాబట్టి మట్టతో అన్నము వండి, పిడకలో నిప్పు దాచి, తెల్లవారుజామున నివురు ఊది మరల మంట చేసికొనువారు.

ఈ బాటను గూర్చి తెలుగున వ్రాసినవారిలో ఏనుగుల వీరాస్వామయ్యగారు ముఖ్యులు. వారు మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసి. 1830 మే 18న బయలుదేరి, కాశిని సేవించి, పూరీ, గంజాము, శ్రీకాకుళముల మీదుగా 1831 సెప్టెంబరులో ఇల్లు చేరిరి. వెంట సుమారు నూరుగురు పరివారము, డేరాలు, పల్లకీలు. వారు గతించిన తరువాత 1838లో అచ్చయిన 'కాశీయాత్ర చరిత్ర' చదివినచో ఏ ఊర నీళ్ళు మంచివి, ఎక్కడ నీడ యున్నది, దిగుటకు వసతి యెట్టిది, అంగళ్ళలో ఏమి దొరకును అను సంగతులు కనబడును. తన వెనుక నడచువాడు ఇబ్బంది పడకూడదని వ్రాసిన వ్రాతలవి.

అయితే చదువరీ, ఒక సంగతి మరువరాదు. ఆ కాలపు తోపులో నీడ పలువురిది, పొయ్యి మాత్రము ఎవరిది వారిదే. ఒక కులమువారు వండినది మరియొకరు తినరు. రాత్రివేళ ఒక్క తోపులో ఇరువది పొయ్యిలు వెలిగినను, ఒకరి కుండ చాయకు మరియొకరు పోరు. తోపునకు వెలుపల, దూరముగా, పొయ్యి పెట్టుకొనవలసినవారును ఉండిరి. వారికి నూతినీళ్ళు ఎవరైన చేది పైనుండి పోసినప్పుడే దక్కెను.

1805లో జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజి అను లండను మిషను బోధకులు విశాఖపట్టణమునకు వచ్చిరి. క్రాన్ 1809లో శ్రీకాకుళమున కన్నుమూసెను. మరుసటి యేడు డెగ్రాంజియు మరణించెను. ఆనందరాయరు సహాయమున డెగ్రాంజి తెలిగించిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరున అచ్చయ్యెను. తరువాతి కాలమున కెనడా బాప్టిస్టు మిషనువారు వచ్చిరి. జార్జి చర్చిల్, మెటిల్డా చర్చిల్ దంపతులు బొబ్బిలిలో బహుకాలము పనిచేసిరి. చలికాలము రాగానే బండ్లపై డేరా వేసికొని పల్లెలు తిరుగుట ఆనాటి బోధకులకును, సర్కారు అధికారులకును వాడుక.

మంచి డేరాకు రెండు పొరలు. పై గుడ్డ ఎండను తాను భరించును; రెండు గుడ్డల నడుమ గాలి ఆడి వేడిని కొనిపోవును; అందుచేత లోపల మనుష్యుడు బ్రతుకును. చుట్టును చిన్న కాలువ త్రవ్వినచో వాననీరు లోపలికి రాదు. నేలపై గడ్డి పరచి జంబుఖానా వేయుదురు. ఎండుకొమ్మ క్రింద డేరా దింపరాదు. వంటవాడు కిరసనాయిలు డబ్బాను కడిగి, క్రింద నిప్పులు, పైన నిప్పులు పెట్టి రొట్టె కాల్చెడివాడు. 1892లో స్వీడను దేశమున లిండ్‌క్విస్ట్ అనునతడు ప్రైమస్ స్టవ్వు కనిపెట్టెను. అది మన ఊళ్ళకు చేరిన పిమ్మట గాలి కొట్టి కిరసనాయిలు మండించుట వచ్చినది. వానలో తడిసిన కట్టెలతో కన్నీరు కార్చుట కొంత తగ్గినది.

ఇంత సామాను మోసినదెవరు? బండివాడు, కావడివాడు, నీళ్ళు తెచ్చినవాడు, మేకులు కొట్టినవాడు. వారి పేర్లు ఏ పుస్తకమునను లేవు. అధికారి డేరా దిగినదన్న మాట విని పల్లెలో భయపడినవారును కలరు. ఏలయనగా గడ్డి, కట్టెలు, పాలు, కోళ్ళు వెట్టిగా ఇయ్యవలసి వచ్చెడిది. పౌలు అపొస్తలుడు స్వయముగా గుడారములు కుట్టు పనివాడని మనమెరుగుదుము. గుడారములో కూర్చున్నవానికంటె కుట్టినవాని చేతులకు దాని బరువు బాగుగా తెలియును.

డేరా ఎండను ఆపును, నెగడు చలిని ఆపును. దోమను రెండును ఆపవు. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) శ్రీముఖలింగము దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, సవరల భాష నేర్చుటకు వారి కొండలలో తిరిగిరి. అక్కడ మలేరియా పట్టెను. క్వినైను మందు ప్రాణము నిలిపినది గాని వినికిడిని పోగొట్టెను. చెవులు పోయినను సవరల మాట విడువక, 1931లో సవరభాషా వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించిరి. మలేరియాను మోయునది దోమయేనని రొనాల్డ్ రాస్ దొరగారు 1897లో మన సికింద్రాబాదులోనే కనుగొనిరి. అప్పటినుండి దారిసామానులో దోమతెరకు మొదటి చోటు.

నేడు గ్యాసు పొయ్యి వచ్చినది, ఇక ఇవన్నియు ఎందుకందురా? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటెను. ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలు నేలకూలెను. అనేక గ్రామములకు రోజుల తరబడి కరెంటు లేకపోయెను. అట్టి దినములలో వంట తెలిసినవాడే బంధువు. టార్పాలిన్ గుడ్డను రెండు చెట్లకు కట్టిన త్రాటిపై వేసి నాలుగు మూలలు బిగించినచో ఇల్లు. కూలిన ఇంటి ఇటుకలు మూడు పెట్టినచో పొయ్యి. గాడి త్రవ్వినచో ఊరంతటికి ఒకే చోట అన్నము. ఆకలి వేళ కులమునకొక పొయ్యి పెట్టుకొనుటకు కట్టెలు చాలవు. మన తాతలు తోపులలో నేర్వని పాఠమును తుపాను నేర్పును.

కాబట్టి మీ పిల్లలకు మూడు రాళ్ళ పొయ్యి వేయుట నేర్పుడు. ఇంకొకటియు నేర్పుడు. మన పల్లెలలో నేటికిని తాటాకు కప్పులున్నవి. మార్చి దాటినచో ఒక్క నిప్పురవ్వ చాలును, వీధి బుగ్గియగును. లేచి పోవునప్పుడు నిప్పుపై నీళ్ళు పోసి, కట్టెతో కలియబెట్టి, మరల పోసి, చేతితో తాకి చల్లగా నున్నదని తెలిసికొని కదలవలెను. రాళ్ళను మాత్రము చెదరగొట్టరాదు. ప్రక్కన నాలుగు ఎండుపుల్లలు ఉంచవలెను. చీకటి పడిన తరువాత వచ్చువాడు ఏ కులమువాడైనను, ఏ ఊరివాడైనను, వాని కడుపునకు అవి కావలసియున్నవి.