వాహన దీపాల రంగు పొర

వాహన దీపాల రంగు పొర అనగా కారు హెడ్‌లైటు, టెయిల్ లైటు, ఫాగ్ లైటు మొదలైన వాటి పైకప్పు మీద అతికించే పలుచని ప్లాస్టిక్ పొర. వాడుకలో దీనిని ఫిల్ము లేదా స్టిక్కరు అంటారు. దీపానికి గీతలు పడకుండా కాపాడడానికి కొందరు, అలంకారం కోసం ఎక్కువమంది దీనిని వాడతారు. కార్ల అలంకరణ సామగ్రి అమ్మే దుకాణాలలో కొని ఇంటివద్దనే అతికించుకోవచ్చు. అయితే రంగు పొర దీపపు కాంతిని తగ్గిస్తుంది. అందువలన ఇది అలంకారానికే కాక రాత్రి ప్రయాణ భద్రతకు, మోటారు వాహనాల నియమాలకు కూడా సంబంధించిన విషయం.

చరిత్ర

వాహన దీపాలను కప్పడం కొత్త విషయం కాదు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో శత్రు విమానాలకు కనబడకుండా బ్రిటన్‌లో హెడ్‌లైట్లకు ముసుగులు తొడిగేవారు. 1971 భారత–పాకిస్తాన్ యుద్ధ సమయంలో మన దేశంలోనూ హెడ్‌లైట్ల పైభాగానికి నల్లరంగు పూశారు. ఎదుటివారి కళ్ళు మిరుమిట్లు గొలపకుండా హెడ్‌లైటు పై సగానికి నలుపు పూయడం, మధ్యలో నల్లని చుక్క పెట్టడం ఆ తరువాత కూడా చాలాకాలం వాడుకలో ఉన్నాయి. ఫ్రాన్సులో 1937 నుండి 1993 వరకు కార్లకు పసుపు హెడ్‌లైట్లు తప్పనిసరిగా ఉండేవి. ఈ పద్ధతుల ఉద్దేశ్యం రక్షణ. నేటి రంగు పొరల ఉద్దేశ్యం ప్రధానంగా అందం.

రకాలు

పి.వి.సి. పొరలు చవకైనవి, కాని ఎండకు త్వరగా గట్టిపడి పగులుతాయి. పాలీయురేథేన్ పొరలు ఖరీదైనవి; సాగే గుణం కలిగి వంపులలో చక్కగా ఒదుగుతాయి. రంగును బట్టి పారదర్శక, పసుపు, పొగరంగు, నలుపు పొరలు దొరుకుతాయి. వీటిలో పారదర్శకమైనవి మాత్రమే కాంతిని చెప్పుకోదగినంతగా తగ్గించవు.

అతికించే విధానం

వేసవిలో వరంగల్‌లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. వేడెక్కిన దీపం మీద సబ్బునీరు వెంటనే ఆరిపోతుంది కనుక ఉదయం పూట, నీడలో పని చేయడం మంచిది.

1. దీపాన్ని సబ్బునీటితో కడిగి, మెత్తని గుడ్డతో తుడవాలి. నేటి దీపాల పైకప్పు ఎక్కువగా పాలీకార్బొనేట్ ప్లాస్టిక్‌తో చేసినది. దీనికి పెట్రోలు, థిన్నరు తగిలితే మసకబారి పగుళ్ళు వస్తాయి.
2. పొరను దీపం కంటే అన్ని వైపులా 3 నుండి 5 సెంటీమీటర్లు ఎక్కువగా కత్తిరించాలి.
3. నీటిలో కొద్ది చుక్కల షాంపూ కలిపి దీపం మీద, పొర జిగురు వైపున చల్లాలి. దీనివలన పొర వెంటనే అతుక్కోదు, జరిపి సరిచేసుకోవచ్చు.
4. ప్లాస్టిక్ బద్దతో మధ్య నుండి అంచుల వైపు నొక్కుతూ నీటిని, బుడగలను బయటకు పంపాలి.
5. వంపుల దగ్గర హెయిర్ డ్రయ్యరుతో కొద్దిగా వేడిచేసి సాగదీయాలి. ఒకేచోట ఎక్కువసేపు వేడి తగలనీయరాదు.
6. అంచులలో మిగిలిన పొరను పదునైన బ్లేడుతో కోయాలి. బ్లేడు దీపానికి గాని, కారు రంగుకు గాని తగలకూడదు. ఒక రోజు వరకు కారును కడగకూడదు.

కాంతిపై ప్రభావం

సగం కాంతిని మాత్రమే పోనిచ్చే పొరను హెడ్‌లైటుకు అతికిస్తే, మునుపటి వెలుగు పడే దూరం సుమారు 71 శాతానికి తగ్గుతుంది. దూరం పెరిగిన కొద్దీ వెలుగు ఆ దూరపు వర్గానికి విలోమంగా తగ్గడం దీనికి కారణం. అంటే 50 మీటర్ల వరకు దారి చూపే దీపం 35 మీటర్ల వరకే చూపుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే కారు, చోదకుడు గమనించి బ్రేకు వేయడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే, పొడి రోడ్డు మీద ఆగడానికి దాదాపు 48 మీటర్లు కావాలి. పొర లేనప్పుడు ఆగగలిగిన కారు పొర ఉన్నప్పుడు ఆగలేదు.

టెయిల్ లైటులో భాగంగా ఉండే రిఫ్లెక్టరుకు నష్టం ఇంకా ఎక్కువ. వెనుక వాహనం కాంతి పొర గుండా ఒకసారి లోపలికి, మరొకసారి బయటకు రావాలి. అందువలన సగం కాంతిని పోనిచ్చే పొర వలన రిఫ్లెక్టరు మెరుపు నాలుగవ వంతుకు పడిపోతుంది. దీపాలు ఆర్పి రోడ్డు పక్కన నిలిపిన కారును రాత్రివేళ గుర్తుపట్టడానికి ఆధారం ఈ రిఫ్లెక్టరే. పట్టపగటి ఎండలో బ్రేకు లైటు వెలిగినదీ లేనిదీ తెలియకపోవడం మరొక ప్రమాదం.

చట్టం

కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989 లోని 105వ నియమం ప్రకారం హెడ్‌లైట్ల వెలుగులో 155 మీటర్ల దూరంలోని మనుషులు, వాహనాలు స్పష్టంగా కనబడాలి. 104వ నియమం వెనుకవైపు ఎర్రని రిఫ్లెక్టర్లను, 102వ నియమం ఇండికేటర్లకు కాషాయం కలిసిన పసుపు రంగును నిర్దేశిస్తాయి. 108వ నియమం సాధారణ వాహనాలకు ముందువైపు ఎర్రని దీపాన్ని నిషేధిస్తుంది. మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షను వాహనంలో అనుమతి లేని మార్పులను నిషేధిస్తుంది. 2012 ఏప్రిల్ 27న నల్ల ఫిల్ములపై సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు కారు అద్దాలకు సంబంధించినది; దీపాలకు సంబంధించినది కాదు.

వరంగల్ పరిసరాలలో

హైదరాబాదు నుండి వరంగల్ మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని భూపాలపట్నం వెళ్ళే 163వ జాతీయ రహదారి ఈ ప్రాంతానికి ప్రధాన మార్గం. పత్తి, మిర్చి సీజనులో ఏనుమాముల మార్కెట్టుకు సరుకు తెచ్చే వాహనాలు రాత్రివేళ కూడా తిరుగుతాయి. వెనుక దీపాలు లేని ట్రాక్టరు ట్రాలీలు, ఎడ్లబండ్లు, కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్లు పల్లె దారులలో కనబడుతుంటాయి. ఇటువంటి దారులలో ఎదుటి వస్తువుకు సొంత దీపం ఉండదు. కారు దీపమే దానిని చూపాలి. కాబట్టి ఇక్కడ రంగు పొర వలన కలిగే ముప్పు వీధిదీపాలున్న నగర వీధులలో కంటే ఎక్కువ.

తొలగించడం

హెయిర్ డ్రయ్యరుతో పొరను వేడిచేసి, ఒక మూల నుండి మెల్లగా లాగాలి. మిగిలిన జిగురును గోరువెచ్చని సబ్బునీటితో తుడవాలి. ఎండకు పచ్చబడిన దీపాన్ని రంగు పొరతో కప్పిపుచ్చడం కంటే, సన్నని నీటి కాగితంతో రుద్ది, పాలిష్ పెట్టి, పారదర్శక పొర అతికించడం మేలు. దీనివలన దీపం కాంతి తిరిగి మెరుగవుతుంది.