ఇంజను ఆగినప్పుడు: చిన్న విమానాల తొలి దశాబ్దాలు

గాలిలో ఇంజను ఆగిపోతే విమానం రాయిలా పడిపోతుందన్న భావన జనంలో బలంగా ఉన్నప్పటికీ, ఇంజను సమకూర్చేది వేగాన్ని మాత్రమే గనుక, ముక్కును కొద్దిగా కిందికి వంచి, ఎత్తును ఖర్చుచేసి వేగాన్ని నిలుపుకున్నంతసేపు రెక్కలు విమానాన్ని మోస్తూనే ఉంటాయి. ఇలా జారుతూ దిగడం గ్లైడింగ్. విమానాశ్రయం అందే వీలులేక, దొరికిన నేలమీద దిగక తప్పకపోవడం ఫోర్స్‌డ్ ల్యాండింగ్. 1930 ప్రాంతం వరకు చిన్న విమానం నడిపేవారికి ఇది వృత్తిలో ఎప్పుడైనా ఎదురుకాగల సంగతి.

కారణాలు చాలావరకు చిన్నవే: వాల్వు కాలిపోవడం, పెట్రోలు గొట్టం పగలడం, కార్బురేటరులో మంచు పేరుకోవడం, స్పార్కు ప్లగ్గులకు నూనె మసి పట్టడం. బ్యాటరీ అవసరం లేకుండా, తాను తిరుగుతూ ప్లగ్గులకు విద్యుత్తును అందించే మాగ్నెటో అనే పరికరం మొరాయించినా ఇంజను ఆగేది. ఒక్కో సిలిండరుకు రెండేసి ప్లగ్గులు, ఇంజనుకు రెండు మాగ్నెటోలు అమర్చే పద్ధతి స్థిరపడడానికి ఒక ముఖ్య కారణం ఈ భయమే.

యంత్రం ఇవ్వలేని భరోసాను శిక్షణ ఇవ్వవలసి వచ్చింది. 1917లో ఇంగ్లండు దక్షిణ తీరాన గోస్పోర్టులో రాబర్ట్ స్మిత్-బారీ నెలకొల్పిన శిక్షణ విధానం, విద్యార్థిని ప్రమాదకర స్థితులనుంచి దూరంగా ఉంచడానికి బదులు, గురువు వెంట ఉండగానే వాటిలోకి తీసుకువెళ్లి బయటపడడం నేర్పింది. ఆ దృష్టే తరువాతి శిక్షణకు చాలావరకు పునాది అయింది. పొగ ఏ దిక్కుకు వాలుతున్నదో చూసి గాలివాటం గ్రహించడం, పొలాన్ని త్వరగా ఎంచుకుని గాలికి ఎదురుగా దిగడం, నేల తాకకముందే పెట్రోలును, స్విచ్చులను కట్టివేసి మంటలను నివారించడం ఇంజను ఆగినప్పుడు ఏం చేయాలో నేర్పే పాఠాలు. అన్నిటికన్నా కఠినమైనది, పైకి లేచిన వెంటనే ఇంజను ఆగితే వెనుదిరగకూడదన్న నియమం. వెనుక కనిపించే విమానాశ్రయంపై ఆశతో తక్కువ ఎత్తులో మలుపు తిప్పినప్పుడు వేగం పడిపోయి, రెక్కలు పట్టు కోల్పోయి, విమానం గింగిరాలు తిరుగుతూ కూలేది. ఎదురుగా ఉన్న ముళ్లపొదలో దిగినవారు గాయాలతోనైనా బతికే అవకాశం ఎక్కువ.

1925లో డి హావిలాండ్ సంస్థ తెచ్చిన మాత్ విమానం ఈ విద్యను సామాన్య పౌరుల చేతికి అందించింది. దాని తొలి సిర్రస్ ఇంజనును ఫ్రాంక్ హాల్‌ఫర్డ్, మొదటి ప్రపంచయుద్ధ కాలపు ఎనిమిది సిలిండర్ల ఇంజనులో సగభాగం ఆధారంగా రూపొందించగా, తరువాత వచ్చిన జిప్సీ ఇంజను మరింత నమ్మకమైనదిగా పేరు తెచ్చుకుంది. తేలికగా ఉండి నెమ్మదిగా దిగగలిగే ఈ విమానానికి చిన్న పొలం సరిపోయేది.

భారతీయులు ఈ చరిత్రలో పేరు తెచ్చుకున్నది కూడా మాత్‌తోనే. ఇంగ్లండు, ఇండియాల మధ్య ఒంటరిగా ఎగిరే తొలి భారతీయునికి ఆగాఖాన్ ప్రకటించిన 500 పౌండ్ల బహుమతి కోసం 1930లో ఆస్పీ ఇంజనీర్ క్రోయ్‌డన్ నుంచి కరాచీకి, జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి ఎదురు దిశలో బయలుదేరారు. ఈజిప్టులోని అబూకీర్‌లో టాటా దిగేసరికి ఆస్పీ స్పార్కు ప్లగ్గులు లేక చిక్కుకుని ఉన్నాడు. టాటా తన వద్ద ఉన్న అదనపు ప్లగ్గులను ప్రత్యర్థికి ఇచ్చివేశాడు. పందెం ఆస్పీదే అయింది. ఆ పోటీ కథను విజేత పేరుతో ముగించే రచనలు ఈ ప్లగ్గులకు ఒక్క వాక్యం కేటాయించి ఊరుకోవడం అన్యాయం, ఎందుకంటే ఇంజను ఎప్పుడైనా మొరాయించగలదని ఎరిగిన ఇద్దరి మధ్యనే అటువంటి సాయం అంత సహజంగా జరుగుతుంది. ఆస్పీ 1960లో భారత వైమానిక దళాధిపతి అయ్యాడు.

ఆ పోటీకి రెండేళ్ల తరువాత, 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి టాటా తెచ్చిన తపాలాను బొంబాయిలో అందుకుని, టాటా సహచర పైలట్ నెవిల్ విన్‌సెంట్ బళ్లారి మీదుగా మద్రాసుకు చేర్చాడు. తెలుగు, కన్నడ సీమలపై సాగిన ఆ ప్రయాణానికి కూడా ఒకే ఇంజను గల పుస్ మాత్ విమానమే ఆధారం. వైర్‌లెస్ లేని ఆ విమానంలో దారిని, దిగదగిన నేలను వెతికి పెట్టవలసినవి పైలట్ కళ్లే.