పాతకారుకు పైధర

వాడిన వస్తువు చౌక కావడం లోకరీతి. ఒకనాడు మన దేశంలో కార్ల విషయాన ఈ రీతి తారుమారైంది. 1960వ దశకంలో ఉత్తరపారా అంబాసిడరు, బొంబాయి ఫియటు, మద్రాసు స్టాండర్డు, ప్రధానంగా ఈ మూడే లభించేవి. దిగుమతులకు ఆంక్షలు, ఉత్పత్తికి పరిమితులు. కొనదలచినవారు పేరు నమోదు చేయించుకొని ఏళ్ల తరబడి నిరీక్షించేవారు. 1969లో ప్రభుత్వం కొత్తకార్ల ధరలను నిర్ణయించింది. తయారీదారులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1971లో తీర్పు వెలువడింది. ధరకు హద్దు ఏర్పడిందే గాని కొరత తీరలేదు. అందుచేత నిరుడు కొన్న బండి కొత్తదాని ధరను మించి అమ్ముడుపోయేది. ఆ అధికధనం నిరీక్షణ తప్పించుకొన్నందుకు చెల్లించిన మూల్యం. నియంత్రణ ఎవరి మేలు కోరిందో ఆ కొనుగోలుదారే ఆ భారం మోశాడు. 1983 డిసెంబరులో మారుతి వచ్చి, ఉత్పత్తి పెరిగిన పిదపనే ఆ నిరీక్షణ క్రమంగా తగ్గింది.