తాండూరు సున్నపురాతి గనుల్లో అమ్మోనియం నైట్రేట్

అమ్మోనియం నైట్రేట్ తెల్లని, వాసన లేని లవణం. తనంతట తాను మండదు, మండే వస్తువుకు మాత్రం పుష్కలంగా ఆక్సిజన్ అందిస్తుంది. నీళ్లలో ఇట్టే కరుగుతుంది, కరిగేటప్పుడు వేడిని పీల్చుకుంటుంది. ఆటగాళ్ల బెణుకులపై పెట్టే తక్షణ చల్లదనపు సంచుల్లో దీన్ని వాడేది అందుకే. సుమారు 170 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి ద్రవమవుతుంది. ఇంకా వేడెక్కితే విషవాయువులు వదులుతూ విచ్ఛిన్నమవుతుంది.

జర్మన్ రసాయనవేత్త గ్లౌబర్ 1659లో దీన్ని తొలిసారి తయారుచేశాడు. ఆ తర్వాత రెండు వందల ఏళ్లు దీనికి పెద్ద పని పడలేదు. 1867లో స్వీడన్‌లో ఓల్సన్, నార్బిన్ దీన్ని పేలుడు పదార్థాల్లో కలిపారు. 1913లో జర్మనీలోని ఒప్పావ్‌లో గాలిలోని నత్రజనితో అమ్మోనియా తయారీ మొదలయ్యాక ఇది టన్నులకొద్దీ చవకగా దొరికింది. అమ్మోనియాను నత్రికామ్లంతో కలిపితే వచ్చేది ఈ లవణమే.

వికారాబాద్ జిల్లా తాండూరు ప్రాంతంలో ఉన్నది భీమా పరీవాహకపు సున్నపురాయి. పొరలుపొరలుగా విడివడే నాపరాయిని మందు పెట్టి పేలిస్తే బండ పగుళ్లిచ్చి ఎందుకూ పనికిరాకుండా పోతుంది. దాన్ని రంపపు యంత్రాలతో కోసి తీస్తారు. సిమెంటుకు కావలసిన రాయి ఎంత ముక్కలైతే అంత మేలు. కరన్‌కోట్‌లోని సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా వంటి కర్మాగారాలకు రాయినిచ్చే ఈ తరహా గనుల్లో రంధ్రాలు వేసి పేల్చడమే పద్ధతి. అక్కడ ఎక్కువగా వాడేది అమ్మోనియం నైట్రేట్ గుళికలకు కొద్దిగా డీజిల్ పట్టించిన ‘ఆన్ఫో’, లేదా ఈ లవణంతోనే చేసిన ఎమల్షన్. వానాకాలం రంధ్రాల్లో ఊట చేరితే ఆన్ఫో కరిగిపోతుంది, అప్పుడు ఎమల్షనే దిక్కు. పేలుడు తర్వాత నారింజరంగు పొగ లేచిందంటే మిశ్రమం పాళ్లు తప్పాయని, లేదా తడి తగిలిందని అర్థం. ఆ పొగలోని నైట్రోజన్ డయాక్సైడ్ ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. పొగ పూర్తిగా చెదిరేదాకా అటు వెళ్లకూడదు.

నిల్వ చేయడంలోనే అసలు చిక్కు ఉంది. 32 డిగ్రీల దగ్గర ఈ లవణపు స్ఫటిక నిర్మాణం మారి, ఘనపరిమాణం పెరుగుతుంది. చల్లబడితే మళ్లీ తగ్గుతుంది. తాండూరు ఎండాకాలంలో ఈ గీతను పగలు దాటడం, రాత్రి దిగడం మామూలే. అలా ఉబ్బి కుంచించుకునే గుళికలు చిట్లి పొడి అవుతాయి, ఆ పొడి చెమ్మ పీల్చి రాయిలా గడ్డకడుతుంది. ఒప్పావ్‌లో 1921 సెప్టెంబరు 21న ఇలా గట్టిపడిన ఎరువు గుట్టను డైనమైట్‌తో వదులు చేయబోతే గుట్టే పేలి ఐదు వందల మందికి పైగా చనిపోయారు. 1947 ఏప్రిల్ 16న అమెరికాలోని టెక్సస్ సిటీ రేవులో ఓడ గదిలో మంటలు లేస్తే, మూతలు బిగించి ఆవిరి పంపారు. సరుకే ఆక్సిజన్ ఇస్తుంటే మంట ఎలా ఆరుతుంది? వేడి, ఒత్తిడి పెరిగి ఓడ పేలింది. ఈ మంటను మూసి ఆర్పలేం. మొదట్లోనే విస్తారంగా నీళ్లు కుమ్మరించాలి, పెద్దదైతే అందరూ దూరంగా తప్పుకోవాలి. డీజిల్, రంపపు పొట్టు, గంధకం, లోహపు పొడులు నిల్వ దగ్గరికి రాకూడదు.

భారతదేశంలో 2011లో, బరువులో 45 శాతానికి మించి అమ్మోనియం నైట్రేట్ ఉన్న మిశ్రమాలను పేలుడు పదార్థాల కిందికి తెచ్చారు. 2012 నిబంధనలు తయారీకి, నిల్వకు, రవాణాకు లైసెన్సు తప్పనిసరి చేశాయి. లవణాన్ని విడదీయలేని ఎరువులకు మినహాయింపు ఇచ్చారు. 2020 ఆగస్టు 4న బేరూత్ రేవులో ఏళ్లతరబడి వదిలేసిన 2,750 టన్నులు పేలాక, చెన్నై దగ్గర కస్టమ్స్ 2015 నుంచి పట్టి ఉంచిన దాదాపు 700 టన్నులను ఆ నెలలోనే హైదరాబాద్‌కు తరలించారు.

ఎరువుగా ఇది నత్రజనిని వేగంగా అందిస్తుంది. పేలే గుణాన్ని తగ్గించడానికి సున్నపురాతి పొడి కలిపి కాల్షియం అమ్మోనియం నైట్రేట్‌గా అమ్ముతారు. ఈ లవణం గనుల్లో పగలగొట్టే రాయే పొలంలో దానికి కళ్లెం వేస్తుంది. ఇక గనిలో ఒలికిన, పేలకుండా మిగిలిన గుళికలను ఏరి తీయకపోతే వానకు కరిగి భూగర్భజలంలో చేరతాయి. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే సీసాపాలు తాగే పసిపిల్లల రక్తానికి ఆక్సిజన్ మోసే శక్తి తగ్గుతుంది.