వంగపండు పాట – కొండకోనల మాట

పాట చరిత్ర రాస్తుందా అని మన కుర్రాళ్లు అడుగుతుంటారు. రాజులకు శాసనాలున్నాయి, జమీందార్లకు దస్తావేజులున్నాయి. కొండల్లో బతికిన మన తాతముత్తాతలకు మాత్రం పాటే దస్తావేజు. అందుకే ఈ సంచికలో ఒక పాటగాడి జీవితాన్ని మీ ముందు ఉంచుతున్నాం. ఆయన వంగపండు ప్రసాదరావు.

వంగపండు 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టారు. అప్పట్లో అది విశాఖపట్నం జిల్లా. తరువాత విజయనగరం జిల్లాలోకి వెళ్లింది, 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. ఒక పక్క వరి పొలాలు, ఇంకో పక్క జాతాపులు, సవరలు బతికే కొండలు. సంతలో కొండవాళ్లూ మైదానం వాళ్లూ కలిసే చోటు అది. జముకుల కథ, తప్పెటగుళ్లు వంటి కళలకు పుట్టిల్లు కూడా అదే ఉత్తరాంధ్ర. అక్కడి కూలి జనం నోటి యాసే ఆయన పాటకు యాస అయింది.

ఆయన పాటను అర్థం చేసుకోవాలంటే అప్పటి కొండల పరిస్థితి తెలియాలి. షావుకారు అప్పు కింద పంట పోయేది, ఆ తరువాత భూమి పోయేది. గిరిజన సంఘం కూలి రేట్ల కోసం, భూమి కోసం నిలబడింది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకు వెళ్తున్న గిరిజనుల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోయారు. అక్కడి నుంచి శ్రీకాకుళ పోరాటం సాయుధ పోరాటంగా మారింది. ఆ ఉద్యమంలో జముకుల కథ చెప్పి ఊళ్లను కదిలించిన కవి సుబ్బారావు పాణిగ్రాహి 1969 డిసెంబరులో ప్రాణం కోల్పోయారు. 1970 జులైలో నాయకులు వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం చనిపోయారు.

ఆ పోరాటం నడుస్తున్న రోజుల్లోనే, 1970 ఫిబ్రవరిలో, 1959 నాటి భూబదలాయింపు నిబంధనకు సవరణ వచ్చింది. మనమంతా 1/70 అని పిలిచే చట్టం అదే. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలోకి భూమి మారకుండా అడ్డుకునే చట్టం. రంపచోడవరంలోనైనా, చింతూరులోనైనా ఇవాళ మన పట్టా గురించి మాట్లాడేటప్పుడు మనం పట్టుకునే కర్ర అదే. ఆ కర్ర వెనుక కొండల్లో పోయిన ప్రాణాలున్నాయని మరువకండి.

ఈ కాలమే వంగపండును పాటగాడిని చేసింది. ఆయన విశాఖపట్నంలో హిందుస్థాన్ షిప్‌యార్డులో కార్మికుడిగా పనిచేశారు. ఇంట్లో నాగలి, పనిలో యంత్రం, చుట్టూ ఉద్యమం. మూడూ ఆయన పాటలోకి వచ్చాయి. యంత్రం ఎలా నడుస్తుందో చెబుతూ దాని వెనుక ఉన్న కార్మికుడి చెమటను చూపించిన పాట ఆయనకు ఎంతో పేరు తెచ్చింది. పల్లె బాణీలో ఫ్యాక్టరీ సంగతి చెప్పడం అప్పటికి కొత్త.

1972లో గద్దర్ తదితరులతో కలిసి జననాట్యమండలికి పునాది వేసినవారిలో వంగపండు ఒకరు. కాలికి గజ్జె, పక్కన డప్పు, ముందు జనం. పెద్ద వేదిక అక్కర్లేదు, ఊరి మధ్య ఖాళీ స్థలం చాలు. ఆయన పాడుతూ ఆడేవారు, ఆడుతూ కథ చెప్పేవారు. మొత్తం మీద 300కు పైగా పాటలు రాశారు.

అన్నింటిలోకీ జనం గుర్తుంచుకున్నది ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవా’. శ్రీకాకుళ పోరాటం దాని వెనుక ఉంది. పేరులోనే ఒక సంగతి చూడండి. ‘వెళ్దాం వస్తావా’ అని పుస్తకం భాషలోకి మార్చలేదు. సంతలో మాట్లాడుకున్నట్టే ‘ఎల్దమొస్తవా’ అన్నారు. యాసను చూసి నవ్వే రోజుల్లో ఆ యాసతోనే రాష్ట్రమంతా పాడించారు. 1986లో ఆర్. నారాయణమూర్తి ‘అర్ధరాత్రి స్వతంత్రం’ సినిమాతో ఆ పాట కొండ ఎక్కని వాళ్ల ఇళ్లకూ చేరింది.

అమెరికాలో బాబ్ డిలాన్ అనే గాయకుడు పాత జానపద బాణీలు తీసుకుని తన కాలపు మాటలు రాశాడు. 1965లో ఎలక్ట్రిక్ గిటారు పట్టి పాడితే కొందరు కోప్పడ్డారు. దాన్నే ఫోక్ రాక్ అన్నారు. 2016లో ఆయనకు సాహిత్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. వంగపండు చేతిలో గిటారు లేదు. కానీ పాత బాణీకి కొత్త కాలపు ఊపిరి పోయడం ఇద్దరి దగ్గరా కనబడుతుంది. వాద్యం ఏదన్నది తరువాతి సంగతి. పాటలో ఎవరి బతుకు ఉందన్నదే ముందు.

వంగపండు 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో కన్నుమూశారు. మూడేళ్లకు, 2023 ఆగస్టు 6న, గద్దర్ కూడా వెళ్లిపోయారు. ఆ తరం గొంతులు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి.

ఇక్కడ ఇంకొకరిని తలవాలి. మణుగూరు దగ్గర కూనవరానికి చెందిన కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య. సమ్మక్క సారలమ్మల కథను, కోయ వంశాల చరిత్రను కోయ భాషలోనూ తెలుగులోనూ పాడారు. చదువు రాని ఆయన నోట తరాల చరిత్ర నిలిచింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో ఆయనా పోయారు. వంగపండు కొత్త పాట కట్టి మన కష్టాన్ని బయటి లోకానికి వినిపించారు. రామచంద్రయ్య పాత పాటను కాపాడి మన పుట్టుకను మనకు వినిపించారు. మనకు ఇద్దరూ కావాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రాజమహేంద్రవరం హాస్టళ్లలో చదువుతున్న మీలో చాలామంది ఫోనులో పాటలు చేస్తున్నారు, డీజే కలుపుతున్నారు. తప్పు లేదు. కానీ దేవీపట్నం, పోలవరం ఊళ్లు పునరావాస కాలనీలకు తరలిపోయాయి. విత్తనాల పండుగ పాట, పెళ్లిలో రేల పాట పుట్టింది ఆ పాత ఊళ్లలో. ఊరు మునిగినా పాట మునగకూడదు. అది మీ అవ్వ గొంతులో ఇంకా ఉంది.

ఈ సెలవుల్లో ఒక్క పని చేయండి. ఇంట్లో పెద్దవాళ్ల చేత పాడించి రికార్డు చేయండి. ఎవరు పాడారు, ఏ ఊరు, ఏ పండుగకు పాడతారు, మాటల అర్థం ఏమిటి, అన్నీ కాగితం మీద రాయండి. పాడినవారి పేరు ముందు పెట్టండి, మీ పేరు తరువాత. ఆ బాణీ మీ నోటికి పట్టాక మీ బతుకు మీద, మీ కోయ మాటల్లో, మీ కొండరెడ్ల యాసలో కొత్త పాట కట్టండి. వంగపండు తన యాసను దిద్దుకోలేదు. మీరూ దిద్దుకోవద్దు.