అమెరికా వర్సిటీ ‘చదువు ఆపి వెళ్లిపో’ అంటే..? సంతకం పెట్టే ముందు స్టూడెంట్స్, పేరెంట్స్ తెలుసుకోవాల్సినవి ఇవే

అమెరికాలో ఎంఎస్ చదువుతున్న అబ్బాయి.. కొన్ని వారాలుగా నిద్ర లేదు, క్లాసులకు వెళ్లడం లేదు. ఓ రాత్రి రూమ్‌మేట్‌తో ‘బతకాలని లేదు’ అన్నాడు. రూమ్‌మేట్ భయపడి హాస్టల్ సిబ్బందికి చెప్పాడు. రెండు రోజులకు డీన్ ఆఫీస్ నుంచి మెయిల్. ‘వచ్చి కలవండి. ఈ సెమిస్టర్‌కు మీరు లీవ్ తీసుకోవడం మంచిదని అనుకుంటున్నాం. ఈ ఫామ్ మీద సంతకం పెట్టండి’ అని. ఇక్కడ ఇంట్లో వాళ్లకు ఏమీ తెలీదు. వీసా ఏమవుతుందో అబ్బాయికీ తెలీదు. ఇది ఊహించి చెప్పిన ఉదాహరణే.. కానీ అక్కడి కాలేజీల్లో ఈ ప్రక్రియ మాత్రం నిజం.

2023-24 లెక్కల ప్రకారం అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. వారిలో ఏపీ, తెలంగాణ నుంచి వెళ్లినవాళ్లు పెద్ద సంఖ్యలోనే ఉన్నారు. అందుకే ఈ రూల్స్ మన ఇళ్లలో కూడా తెలిసి ఉండాలి. కాలేజీ ఎప్పుడు పంపించగలదు? ఎప్పుడు పంపించకూడదు? సంతకం పెడితే ఏమవుతుంది? వివరంగా చూద్దాం.

అసలు ‘ఇన్‌వాలంటరీ విత్‌డ్రాయల్’ అంటే ఏంటి?

విద్యార్థి తనంతట తాను చదువు ఆపితే అది వాలంటరీ లీవ్. విద్యార్థికి ఇష్టం లేకపోయినా కాలేజీయే ఆపించి పంపిస్తే అది ఇన్‌వాలంటరీ లీవ్ లేదా విత్‌డ్రాయల్. సస్పెన్షన్, ఎక్స్‌పల్షన్ వేరు. అవి తప్పు చేశాడని తేల్చి వేసే శిక్షలు. ఇన్‌వాలంటరీ లీవ్ అనేది కాగితం మీద శిక్ష కాదు, భద్రత కోసం తీసుకునే చర్య. కానీ ఫలితం చూస్తే చాలాసార్లు ఒకేలా ఉంటుంది. క్లాసులు బంద్, హాస్టల్ ఖాళీ, క్యాంపస్ జాబ్ పోతుంది.

ఏ కారణాలతో పంపిస్తారు?

ప్రధానంగా రెండు దారులు. మొదటిది ప్రవర్తన. అంటే బెదిరింపులు, దాడి, వెంటపడి వేధించడం, ఆయుధాలు లాంటివి. ఇవి ‘స్టూడెంట్ కాండక్ట్ కోడ్’ కింద విచారణకు వెళ్తాయి. రెండోది మానసిక ఆరోగ్యం. ఆత్మహత్య ఆలోచనలు, తనను తాను గాయపరచుకోవడం, తీవ్రమైన డిప్రెషన్, వాస్తవంతో సంబంధం తెగిపోయినట్టు ప్రవర్తించడం లాంటివి.

చిక్కు ఎక్కడంటే.. చాలా కేసుల్లో ఈ రెండూ కలిసిపోయి ఉంటాయి. అప్పుడు కాలేజీ ఏ దారిలో వెళ్తోందన్నది చాలా ముఖ్యం. ఎందుకంటే ఒక్కో దారికి రూల్స్ వేరు, వీసా మీద ప్రభావం కూడా వేరు.

వర్జీనియా టెక్ తర్వాత మారిన సీన్

2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్ యూనివర్సిటీలో ఓ విద్యార్థి కాల్పుల్లో 32 మంది చనిపోయారు. తమిళనాడుకు చెందిన ప్రొఫెసర్ జీవీ లోగనాథన్ కూడా ఆ రోజే ప్రాణాలు కోల్పోయారు. ఆ విద్యార్థి ప్రవర్తనపై ముందే వేర్వేరు విభాగాలకు అనుమానాలు ఉన్నా, వాటన్నిటినీ ఒకచోట పెట్టి చూసినవాళ్లు లేరని తర్వాత తేలింది.

అప్పటి నుంచి చాలా కాలేజీలు ‘కేర్ టీమ్’, ‘బిహేవియరల్ ఇంటర్వెన్షన్ టీమ్’, ‘థ్రెట్ అసెస్‌మెంట్ టీమ్’ లాంటి పేర్లతో కమిటీలు పెట్టాయి. డీన్ ఆఫీస్, కౌన్సెలింగ్ సెంటర్, క్యాంపస్ పోలీస్, హాస్టల్ విభాగం మనుషులు ఇందులో ఉంటారు. ప్రొఫెసర్ గానీ, రూమ్‌మేట్ గానీ ఎవరైనా వీళ్లకు రిపోర్ట్ చేయొచ్చు.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. కౌన్సెలర్‌తో మాట్లాడింది సాధారణంగా గోప్యంగానే ఉంటుంది. ప్రాణాలకు తక్షణ ప్రమాదం ఉంటేనే బయటకు చెబుతారు. ప్రొఫెసర్‌కో, హాస్టల్ సిబ్బందికో చెప్పింది మాత్రం కేర్ టీమ్‌కు వెళ్లే అవకాశం ఉంది.

ప్రాసెస్ ఎలా నడుస్తుంది?

కాలేజీని బట్టి కొద్దిగా మారినా వరుస దాదాపు ఇదే:

1. రిపోర్ట్ వస్తుంది. డీన్ ఆఫీస్ విద్యార్థిని పిలిచి మాట్లాడుతుంది.
2. పరిస్థితి అత్యవసరం అనిపిస్తే ‘ఇంటరిమ్’ చర్య, అంటే తాత్కాలికంగా క్యాంపస్‌కు రావద్దని ఆర్డర్ ఇస్తారు.
3. డాక్టర్ లేదా సైకాలజిస్ట్ అసెస్‌మెంట్ అడుగుతారు.
4. విద్యార్థి వాదన వింటారు. సొంత డాక్టర్ రిపోర్టు ఇచ్చే అవకాశం ఉండాలి.
5. నిర్ణయాన్ని రాతపూర్వకంగా ఇస్తారు. కారణాలు, తిరిగి రావడానికి షరతులు అందులో ఉంటాయి.
6. అప్పీల్. దీని గడువు చాలా చోట్ల కొద్ది రోజులే. మిస్ అయితే అంతే.

ప్రభుత్వ యూనివర్సిటీ అయితే రాజ్యాంగ రక్షణ కూడా ఉంది. 1961లో డిక్సన్ వర్సెస్ అలబామా కేసులో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఒక మాట తేల్చి చెప్పింది. నోటీసు ఇవ్వకుండా, వాదన వినకుండా విద్యార్థిని ప్రభుత్వ కాలేజీ బహిష్కరించకూడదని. ప్రైవేట్ కాలేజీకి ఈ రూల్ నేరుగా వర్తించదు. అక్కడ స్టూడెంట్ హ్యాండ్‌బుక్‌లో రాసిందే ఆధారం. అందుకే ఆ హ్యాండ్‌బుక్ ఒకసారైనా చదవాలి.

చట్టం ఏం చెబుతోంది?

డిప్రెషన్, బైపోలార్ లాంటి మానసిక సమస్యలు అమెరికా చట్టంలో వైకల్యం కిందకు రావొచ్చు. 1973 నాటి రీహాబిలిటేషన్ యాక్ట్‌లోని సెక్షన్ 504, 1990 నాటి అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ యాక్ట్.. ఈ రెండూ విద్యార్థిపై వివక్ష చూపకూడదని చెబుతాయి. జబ్బు పేరు చూసి భయపడి పంపేయడం కుదరదు.

‘ఇతరులకు ప్రత్యక్ష ప్రమాదం’ ఉందని చెప్పి పంపించాలంటే కాలేజీ ఆ ఒక్క విద్యార్థి పరిస్థితిని విడిగా పరిశీలించాలి. ప్రమాదం ఎలాంటిది, ఎంత తీవ్రం, ఎంతకాలం, జరిగే అవకాశం ఎంత.. ఇవన్నీ వైద్య ఆధారాలతో చూడాలి. కోర్సులు తగ్గించడం, హాస్టల్ మార్చడం, ఆన్‌లైన్ క్లాసులు లాంటి వెసులుబాట్లతో పని జరుగుతుందా అన్నదీ చూడాలి.

2011 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన ఫెడరల్ నిబంధనల్లో ‘ప్రత్యక్ష ప్రమాదం’ అంటే ‘ఇతరులకు’ ప్రమాదం అని రాశారు. విద్యార్థి వల్ల విద్యార్థికే ప్రమాదం అన్న కారణం ఒక్కటే చూపించి పంపించడం అప్పటి నుంచి కాలేజీలకు కష్టమైంది. అలాగని కాలేజీకి అసలు అధికారమే లేదని కాదు. విద్యార్థి సురక్షితంగా చదువు కొనసాగించలేని స్థితిలో ఉన్నాడని, వేరే దారి లేదని చూపించగలిగితే లీవ్ మీద పంపొచ్చు. తేడా ఏంటంటే.. అది చివరి దారి కావాలి, మొదటి దారి కాకూడదు.

కాలేజీలు తలొగ్గిన కేసులు

2004లో జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ విద్యార్థి ఒకరు డిప్రెషన్‌తో తనంతట తానే ఆస్పత్రికి వెళ్లాడు. సాయం అడిగినందుకు హాస్టల్‌కు రావద్దన్నారు, క్రమశిక్షణ చర్యలు మొదలుపెట్టారు. కేసు వేశాడు. 2006లో రాజీ కుదిరింది.

నార్తర్న్ మిషిగన్ యూనివర్సిటీపై అమెరికా న్యాయశాఖ విచారణ చేసింది. ఆత్మహత్య ఆలోచనల గురించి తోటి విద్యార్థులతో మాట్లాడితే చర్యలు తప్పవని వర్సిటీ హెచ్చరించిందన్నది ఆరోపణ. చివరికి 2018లో నలుగురు విద్యార్థులకు 1,73,500 డాలర్లు ఇచ్చేందుకు, పాలసీ మార్చేందుకు వర్సిటీ ఒప్పుకుంది.

2019లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థుల కేసులో రాజీ కుదిరి లీవ్ పాలసీని తిరగరాశారు. 2021లో బ్రౌన్ యూనివర్సిటీ వంతు వచ్చింది. మానసిక ఆరోగ్య కారణాలతో లీవ్ తీసుకున్న విద్యార్థులను డాక్టర్లు ఓకే అన్నా తిరిగి రానివ్వలేదని న్యాయశాఖ చెప్పింది. బ్రౌన్ 6,84,000 డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుంది. 2023లో యేల్ కూడా విద్యార్థుల కేసును రాజీ చేసుకుని, అత్యవసర వైద్య అవసరం ఉన్నవాళ్లు పార్ట్‌టైమ్‌గా చదివే వీలు కల్పించింది.

ఈ కేసులన్నిటిలో ఉమ్మడి విషయం ఒక్కటే. ప్రశ్నించిన చోట రూల్స్ మారాయి.

అసలు మెలిక.. ‘వాలంటరీ’ సంతకం

కాలేజీలు చాలాసార్లు ఇన్‌వాలంటరీ దాకా వెళ్లవు. ముందు ‘మీరే లీవ్ తీసుకోండి’ అని సూచిస్తాయి. ఇది కొందరికి నిజంగానే మంచిది. చికిత్సకు టైమ్ దొరుకుతుంది, రికార్డు క్లీన్‌గా ఉంటుంది, గ్రేడ్లు పాడవవు. కానీ ఒకసారి సంతకం పెడితే అది విద్యార్థి సొంత నిర్ణయం కింద లెక్క. విచారణ, అప్పీల్ లాంటి హక్కులు చాలా చోట్ల అక్కడితో ఆగిపోతాయి.

కాబట్టి అక్కడికక్కడే సంతకం పెట్టక్కర్లేదు. ‘చదివి చెప్తాను, టైమ్ కావాలి’ అని మర్యాదగా అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నలు ఇవి:

- ఇది వాలంటరీనా, ఇన్‌వాలంటరీనా? ఏ పాలసీ కింద?
- నేను ఒప్పుకోకపోతే ఏం జరుగుతుంది?
- తిరిగి రావడానికి షరతులు ఏంటి? ఎప్పటిలోగా అప్లై చేయాలి?
- ఫీజు ఎంత వెనక్కి వస్తుంది? హెల్త్ ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంటుంది?
- ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఏం రాస్తారు?

వీసా సంగతి ఏంటి?

మన పిల్లలకు అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇక్కడే. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు ఫుల్‌టైమ్ చదవాలి. చదువు ఆగితే ఆ విషయం ‘సెవిస్’ రికార్డులోకి వెళ్తుంది. ఆ రికార్డు చూసేది కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల అధికారి, అంటే డీఎస్‌వో. డీన్ ఆఫీస్‌కు వీసా రూల్స్ తెలిసి ఉండాలని లేదు. అందుకే సంతకానికి ముందే డీఎస్‌వోను కలవాలి.

మెడికల్ కారణంతో కోర్సులు తగ్గించుకునే దారి: డాక్టర్ లేదా లైసెన్స్ ఉన్న క్లినికల్ సైకాలజిస్ట్ లెటర్ ఉంటే డీఎస్‌వో ముందుగా అనుమతి ఇవ్వొచ్చు. అవసరమైతే ఆ సెమిస్టర్‌లో ఒక్క కోర్సూ తీసుకోకుండా కూడా స్టేటస్ నిలబెట్టుకోవచ్చు. ఒక డిగ్రీ స్థాయిలో ఇది మొత్తం 12 నెలలకు మించకూడదు. మామూలు కౌన్సెలర్ లెటర్ దీనికి సరిపోకపోవచ్చు.

అనుమతితో చదువు ఆపడం: డీఎస్‌వో ముందే ఓకే చేస్తే అమెరికా వదిలి వెళ్లడానికి 15 రోజులు ఇస్తారు. చదువు పూర్తి చేసినవాళ్లకు వచ్చే 60 రోజులు ఇక్కడ రావు.

అనుమతి లేకుండా ఆపేయడం, సస్పెన్షన్, ఎక్స్‌పల్షన్: వీటికి గ్రేస్ పీరియడ్ లేదు. పాస్‌పోర్టులో వీసా స్టాంప్ గడువు ఉంది కదా అనుకుంటే పొరపాటే.

ఇంకో లెక్క 5 నెలలు. అంతలోపు తిరిగి చేరితే పాత సెవిస్ రికార్డును మళ్లీ యాక్టివ్ చేసే వీలుంది. దాటితే కొత్త ఐ-20 తీసుకోవాలి, సెవిస్ ఫీజు మళ్లీ కట్టాలి. సీపీటీ, ఓపీటీకి కావాల్సిన ఏడాది చదువు లెక్క కూడా మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

పేరెంట్స్‌కు కాలేజీ ఎందుకు చెప్పదు?

మన దగ్గర పిల్లాడు రెండు రోజులు కాలేజీకి రాకపోతే ఇంటికి మెసేజ్ వస్తుంది. అక్కడ అలా కాదు. 1974 నాటి ‘ఫెర్పా’ చట్టం ప్రకారం కాలేజీలో చేరిన విద్యార్థి రికార్డులపై హక్కు విద్యార్థిదే. అనుమతి లేకుండా అమ్మానాన్నలకు కూడా చెప్పరు. ప్రాణాల మీదకు వచ్చే అత్యవసర పరిస్థితిలో చెప్పే వెసులుబాటు ఉంది, కానీ చెప్పాలా వద్దా అన్నది కాలేజీ ఇష్టం.

దీనికి పరిష్కారం సింపుల్. రికార్డులు పేరెంట్స్‌తో పంచుకోవచ్చని అనుమతి ఇచ్చే ఫామ్ కాలేజీల్లో ఉంటుంది. చేరినప్పుడే నింపితే మంచిది. అయితే బలవంతం చేయొద్దు. మార్కుల గురించి నిలదీయడానికి కాదు, ఆపదలో మాకు ఫోన్ రావడానికి అని చెప్పి అడగండి.

తిరిగి వెళ్లాలంటే?

లీవ్ లెటర్‌లో ఉన్న షరతులే కీలకం. చికిత్స తీసుకున్నట్టు డాక్టర్ లెటర్ అడుగుతారు. ఇండియాకు వచ్చి చికిత్స తీసుకుంటే ఇక్కడి సైకియాట్రిస్ట్ లెటర్ ఒప్పుకుంటారా అని ముందే మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ప్రిస్క్రిప్షన్లు, రిపోర్టులు జాగ్రత్త చేయండి. అన్యాయం జరిగిందనిపిస్తే కాలేజీలోని డిజెబిలిటీ ఆఫీస్‌కు, ఆ తర్వాత అమెరికా విద్యాశాఖ సివిల్ రైట్స్ ఆఫీస్‌కు ఫిర్యాదు చేయొచ్చు. సాధారణంగా 180 రోజుల్లోపు చేయాలి.

చివరగా ఒక మాట. వీసా పోతుందేమో, పంపేస్తారేమో అన్న భయంతో బాధను దాచుకోవద్దు. పైన చెప్పిన రూల్స్ అన్నీ త్వరగా సాయం అడిగినవాళ్లకే ఎక్కువ పనికొస్తాయి. కోర్సులు తగ్గించుకునే అనుమతి ముందు అడిగితేనే వస్తుంది, అన్నీ ఆపేశాక కాదు. ఇక ఇంట్లో వాళ్లకు.. పిల్లాడు సెమిస్టర్ ఆపి ఇంటికొస్తే ‘పరువు పోయింది, లోన్ ఎవరు కడతారు’ అనే మాట ముందు రాకూడదు. లోన్ గురించి బ్యాంకుతో తర్వాత మాట్లాడుకోవచ్చు.

మీరు గానీ, మీకు తెలిసినవారు గానీ ఇబ్బందిలో ఉంటే: అమెరికాలో 988కు కాల్ లేదా మెసేజ్ చేయొచ్చు. ఇండియాలో టెలీ మానస్ 14416కు కాల్ చేస్తే తెలుగులోనూ మాట్లాడొచ్చు. రెండూ 24 గంటలూ అందుబాటులో ఉంటాయి.